పాముకి ఇల్లు కట్టిన పెద్దమ్మ

మా పెద్దమ్మ పోయింది. పోయిన వారం, బందరులో, మధ్యాహ్నం భోంచేసి కాసేపు నడుం వాల్చి మళ్ళీ లేవలేదు. మా అన్నయ్య, అంటే ఆమె కొడుకు, ఫోన్ చేసేసరికి నేనిక్కడ డ్యూసెల్‌డార్ఫ్‌లో వంటింటి బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని ఆఫీసు మీటింగులో ఉన్నాను. "అమ్మ వెళ్ళిపోయిందే" అన్నాడు. ఆ తర్వాత మీటింగులో నన్నెవరో పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నారట. నాకు వినబడలేదు.

ఈ రోజుల్లో ప్రయాణాల సంగతి మీకు తెలిసిందే. టెస్టులు, కాగితాలు, క్వారంటైన్లు. వెళ్ళలేకపోయాను. వెళ్ళలేనివాళ్ళకి మిగిలేది తలుచుకోవడం ఒక్కటే కాబట్టి, తలుచుకుంటున్నవి రాద్దామని కూర్చున్నాను. పెద్దమ్మ మీలో ఎవరికీ తెలియదు. ఆమె గొప్ప పనులేం చేయలేదు. ఆమె చేసిన ఒక వింత పని గురించే నేను చెప్పబోయేది. జీవితంలో పామును చూస్తే ఆమడ దూరం పారిపోయిన మనిషి, డెబ్బై దాటాక, పరాయి దేశంలో, లాక్‌డౌన్‌లో, ఒక పెంపుడు పాముకి ఇల్లు కట్టింది.

బందరులో పెద్దమ్మ పేరెత్తితే ముందు చెప్పేది ఆమె పెట్టే బొమ్మల కొలువు గురించే. ఆమె గొప్పంతా మెట్ల మీద పేర్చే బొమ్మల్లో కాదు, మెట్ల కింద కట్టే ఊళ్ళో ఉండేది. "బొమ్మలు అందరిళ్ళల్లోనూ ఉంటాయే. ఊరు ఎవరింట్లో ఉంది?" అనేది. ఇటుక ముక్కలూ బంకమట్టీ కలిపి కొండ కట్టేది. పగిలిన అద్దం ముక్క చెరువయ్యేది. దసరాకి చాలా ముందే పళ్ళేల్లో ఆవాలు, మెంతులు, రాగులు చల్లి, సమయానికి అవి మొలకెత్తేలా చూసుకుని, పచ్చటి పొలాలు పరిచేది. ఊళ్ళో పేరంటాళ్ళంతా మా పెద్దమ్మ కొలువు చూశాకే మిగతా ఇళ్ళకి వెళ్ళేవారు.

దానికామెకొక సూత్రం ఉండేది. చిన్నప్పుడు నేను కొండ వెనకాల ఒక ఆవుబొమ్మని పెట్టబోతే చెయ్యి మీద ఒక్కటిచ్చింది. "గుమ్మంలో నిలబడ్డ మనిషికి అన్నీ ఒక్క చూపులో కనబడాలి. వంగి వెతుక్కోవాల్సి వస్తే అది కొలువు కాదు, అటక" అంది. అటక అనే మాట ఆమె నోట్లో పెద్ద తిట్టు. శుభ్రంగా లేని వంటిల్లూ అటకే, సరిగ్గా దువ్వని నా జడా అటకే.

ఇక్కడికెలా వచ్చిందో చెప్పాలి. మా అమ్మాయికి కీటాలో, అంటే ఇక్కడి చిన్నపిల్లల బడిలో, సీటు దొరకలేదు. ఎన్ని చోట్ల పేరు రాయించినా వెయిటింగు లిస్టే. నేనా, మళ్ళీ ఉద్యోగంలో చేరాలి. అమ్మ మోకాళ్ళ నొప్పులతో విమానం ఎక్కలేనంది. "నాకేం, మోకాళ్ళు గట్టివే, నేను పోతా" అని పెద్దమ్మ బయల్దేరింది. చలికాలంలో దిగింది. ఉన్ని కోటు మీద శాలువా, శాలువా మీద ఇంకో శాలువా. మూడు నెలల వీసా. ఆ మూడు నెలలు పూర్తి కాకముందే ప్రపంచం తలుపులు మూసుకుంది. వీసా ఆఫీసుకి ఈమెయిలు పెడితే పొడిగించారు కానీ, విమానాలు మాత్రం ఎప్పుడు ఎగురుతాయో ఎవరూ చెప్పలేదు.

మాది చిన్న ఫ్లాటు. ఒక పడక గది, ఒక హాలు, వంటిల్లు. పడక గదిలో మేమూ, పాపా. హాల్లో సోఫా మీద పెద్దమ్మ. అదే హాల్లో కిటికీ పక్కన మా ఆయన ఆఫీసు. వంటింట్లో నా ఆఫీసు. పాప ఇల్లంతా ఉండేది. కెమెరా ఆన్ చేసిన ప్రతిసారీ మా ఆయన వెనకాల పెద్దమ్మ సోఫాలో నిటారుగా, పవిట సర్దుకుని, ఫొటోకి కూర్చున్నట్టు కూర్చునేది. వాళ్ళ టీములో జర్మన్‌లు ఆమెకి చెయ్యి ఊపేవారు. ఆమె నమస్కారం పెట్టేది. ఇబ్బందిగా ఉందని ఒక్కనాడూ అనలేదు. కాఫీ ఒక్కటి మాత్రం టైముకి పడాలి.

పాము పై అంతస్తు నుంచి వచ్చింది. అక్కడ ఒక జర్మన్ అమ్మాయి ఉండేది, యూనివర్సిటీలో చదువుకుంటూ. క్లాసులన్నీ ఆన్‌లైన్ అయిపోయాయని ఫ్లాటు వదిలేసి ఉత్తరాన తల్లిదండ్రుల దగ్గరకి వెళ్ళిపోతోంది. ఆమె దగ్గర కార్న్ స్నేక్ ఉంది. విషం లేదు, నారింజ రంగు, మీటరు పైన పొడుగు. వాళ్ళమ్మకి పాములంటే పడదట. ఎవరైనా తీసుకుంటారా అని మెట్ల దగ్గర కాగితం అంటించింది. మా ఆయనది ఖమ్మం వైపు. చిన్నప్పటి నుంచీ పాములంటే పిచ్చి. కాగితం చూశాక ఆ మనిషి కాలు ఇంట్లో నిలవలేదు.

నేను వద్దన్నాను. పాప "బిట్టె, బిట్టె" అని జర్మన్‌లో బతిమాలుతూ గెంతింది. చివరికి పాము చావకూడదు, కర్ర విరగకూడదు అన్నట్టుగా, "పెద్దమ్మ ఒప్పుకుంటేనే" అన్నాను. ఆమె చచ్చినా ఒప్పుకోదని నా ధీమా.

మా ఆయన వెళ్ళి ఆమె ముందు నేల మీద కూర్చున్నాడు.

"అత్తమ్మా, పాపం ఆ పిల్ల ఎవ్వరికియ్యాల్నో తెల్వక ఏడుస్తున్నది. మనం తీస్కుందామా? ఏం జెయ్యదు, శానా మంచిది."

"ఏంటి బాబూ?"

"పాము."

సాయంత్రం పూట ఆ మాట అనకూడదు పెద్దమ్మ లెక్క ప్రకారం. పురుగు అనాలి. ఆమె చెవులు మూసుకుని, తెరిచి, అడిగిన మొదటి ప్రశ్న ఇది. "ఏం తింటది?"

"ఎలుకలు. గడ్డ కట్టించినవి అమ్ముతరు."

"నా గోంగూర ఉన్న ఫ్రీజర్లో పెడతారా?"

"లేదత్తమ్మా, కింద సెల్లార్‌ల చిన్న ఫ్రిజ్ పెడ్త."

"అట్టయితే సరే. ఇంటికొచ్చిన పురుగుని పొమ్మంటే నాకెక్కడి దోషం చుట్టుకుంటదో."

నా ధీమా అలా తుస్సుమంది.

పాము పేరు పాప్రికా. "అంటే ఏంటే?" అని అడిగింది. క్యాప్సికం అన్నాను. "దేవుడి జాతికి కూరగాయ పేరా!" అని నవ్వింది. కానీ ఆ నవ్వు ఆ పెట్టె చూశాక పోయింది. పై అంతస్తు అమ్మాయి దాన్ని పెద్ద ప్లాస్టిక్ డబ్బాలో పెట్టేది. అడుగున న్యూస్ పేపర్, ఒక నీళ్ళ గిన్నె, ఒక ప్లాస్టిక్ గుహ. అంతే. చాలామంది అలాగే పెంచుతారు, తప్పేం లేదని మా ఆయన చెప్పాడు. పెద్దమ్మ రెండు రోజులు దాని వైపు వెళ్ళలేదు. మూడో రోజు కాఫీ గ్లాసుతో దూరంగా నిలబడి చూసి, "ఏం పాపం చేసిందని దీనికీ జైలు?" అంది.

మా ఆయనకి కావలసింది అదే. మొక్కలూ మట్టీ ఉండే టెర్రేరియం కట్టాలని అప్పటికే వీడియోలు చూసి పెట్టుకున్నాడు. ముందు వైపు జరిపే అద్దాలున్న చెక్క పెట్టె తెప్పించాడు. మా పాప లోపల కాళ్ళు చాపుకుని పడుకోవచ్చు, పడుకుంది కూడా. ఒక చివర వేడి దీపం, ఇంకో చివర చల్లటి నీడ. ఎరువు కలపని మట్టి, ఇసుక, బంకమట్టి. బౌమార్క్ట్ అనే ఇంటి పనిసామాన్ల దుకాణం ముందు మనుషులు ఎడం ఎడంగా నిలబడ్డ లైనులో మాస్కు పెట్టుకుని నిలబడి మోసుకొచ్చాడు. పెద్దమ్మ ఆ మట్టిలో చెయ్యి పెట్టి నలిపి చూసింది. బంకమట్టి ముద్ద ఒకటి తీసి అరచేతిలో దొర్లించింది. వచ్చిన దగ్గర్నుంచీ ఆమె ముఖంలో అంత వెలుగు నేను చూడలేదు.

"జరుగు బాబూ" అంది. "ఇది నా పని."

దసరా ఇంకా ఎంతో దూరంలో ఉంది. అయినా మా హాల్లో కొలువు మొదలైంది. పలక రాళ్ళు పేర్చి వెనకనుంచి ముందుకి మెట్లు దించింది. మట్టితో కొండ కట్టింది. చెరువుకి అద్దం ముక్క అడిగితే మా పాప "నైన్, అమ్మమ్మా! ఎఖ్టెస్ వాసర్!" అని అరిచింది, వద్దు, నిజం నీళ్ళు కావాలని. సరే అని నీలం రంగు పింగాణీ గిన్నె పాతించింది. నేను వంటింట్లో మీటింగులో ఉండగా నా పోపుల డబ్బా మాయమైంది. ఆవాలూ మెంతులూ కొండ వాలు మీద చల్లేసింది. పాత డబ్బాలోంచి మా ఆయన తీసిచ్చిన ప్లాస్టిక్ గుహని వాకిలి మనవైపు తిప్పి పెట్టింది, లోపల పడుకున్నా కనబడాలని. "ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు గానీ, పురుగుకి ఇల్లు కట్టమని ఎవరూ అనలేదే" అంటూ నడుం పట్టుకుని లేచింది.

నాలుగు రోజుల్లో కొండంతా పచ్చగా మొలిచింది. నిజం చెప్పాలంటే అంత అందమైన టెర్రేరియం నేనింతవరకూ చూడలేదు. బందరుకి వీడియో కాల్ చేసి అందరికీ చూపించాం. మా అన్నయ్య "పాముకి పాలు పోసి పెంచడమంటే ఇదేనమ్మా" అని వేళాకోళం చేశాడు. మా ఆయన ఆఫీసువాళ్ళు చూడాలన్నారు, కెమెరా తిప్పాడు. పాప్రికాని వదిలితే, ఆ నారింజ రంగు ఆ పచ్చ మీద వెళుతుంటే, పెద్దమ్మ రెండు చేతులూ జోడించింది.

పాప్రికా తినడం మానేసింది.

మొదటిసారి ఎలుక పెడితే ముట్టుకోలేదు. కొత్త చోటు కదా అనుకున్నాం. తర్వాతి వారమూ అంతే. ఆ తర్వాతా అంతే. ఆవాల మొలకలు పసుపుపచ్చగా మారి, వాలిపోయి, తెల్లటి బూజు పట్టాయి. పాము రోజంతా నీళ్ళ గిన్నెకీ వెనక గోడకీ మధ్య ఇరుక్కుని ఉండేది. రాత్రైతే అద్దానికి ముక్కు ఆనించి అటూ ఇటూ తిరిగేది. ముక్కు మీద పొలుసు లేచింది. వెన్ను సన్నబడింది. మా ఆయన వేడి కొలిచాడు, తేమ కొలిచాడు, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. జంతువుల డాక్టరుకి ఫోన్ చేస్తే, "దాన్నేదో భయపెడుతోంది. ఇంకా బరువు తగ్గితే తీసుకురండి. దాన్ని మా దగ్గరే వదిలేయాల్సి ఉంటుంది" అన్నాడు.

పెద్దమ్మకి నేనిది తెలుగులో చెప్పలేదు. ఆమె మా ముఖాలు చూసి తెలుసుకుంది.

పాముకి ఎలుక పెట్టిన రోజున ఆమె రాత్రి అన్నం మానేయడం మొదలుపెట్టింది. నేను కోప్పడితే, "అది తినకుండా నేనెట్టా తినేదే? నా చేత్తో కట్టిన ఇంట్లో అది మాడి చచ్చిపోతే ఆ పాపం మీ పిల్లకి తగులుద్ది" అంది. అవన్నీ ఎక్కడివి పెద్దమ్మా అని నేను కొట్టిపారేశాను. ఆమె వినలేదు. తప్పంతా తన చేతిదేనని ఆమెకి తెలిసిపోయింది, ఆ తప్పేమిటో తెలియడం లేదు. అన్నేళ్ళు కొలువు పెట్టిన మనిషికి అది ఎంత కష్టంగా ఉండేదో, అద్దం ముందు కూర్చుని చేతులు నలుపుకుంటుంటే తెలిసేది. కాఫీ చల్లారిపోయినా తాగేది కాదు.

శుక్రవారం తీసుకెళ్ళి ఇచ్చేద్దామని మా ఆయన డాక్టరు దగ్గర టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, తీసుకున్నాడు. పాపకి ఇంకా చెప్పలేదు.

అంతకు ముందు రోజు మధ్యాహ్నం ప్రింటరు కాగితాల కోసం సామాను గది తలుపు తీశాను. గదంటే గది కాదు, సూట్‌కేసులూ వాక్యూమ్ క్లీనరూ పట్టే చిన్న అర, కిటికీ ఉండదు. లోపల చీకట్లో పెద్దమ్మ ఉంది. ఒక సూట్‌కేసు పడుకోబెట్టి దాని మీద కూర్చుంది. గోడకి చేరబడి, కాళ్ళు చాపుకుని, ముడి విప్పుకుని జుట్టు భుజాల మీద వదిలేసి ఉంది. చేతిలో కాఫీ గ్లాసు. నేను అదిరిపడ్డాను.

"ఇక్కడేం చేస్తున్నావు పెద్దమ్మా? లైటన్నా వేసుకోకుండా?"

"ఏం లేదే. కాసేపు ఎవరికీ కనబడకుండా కూచుందామని."

"రోజూ వస్తున్నావా ఇక్కడికి?"

"అల్లుడుగారు రెండింటికి మీటింగు పెట్టుకుంటారు గదా. అప్పుడొస్తా."

 అంత పెద్ద మనిషికి మా ఇంట్లో కాళ్ళు చాపుకునేందుకు దొరికింది వాక్యూమ్ క్లీనరు పక్కన ఇంత చోటు. నా ముఖం చూసి ఆమె కంగారుపడింది.

"అయ్యో, నువ్వెందుకే ఏడుస్తావు? చోటు చాలట్లేదని కాదు. మీరంతా బాగానే చూస్తన్నారు. చూట్టమే గదా రోజంతా. ఏ జీవానికైనా కాసేపు ఎవరూ చూడని మూల ఒకటి..."

అక్కడ ఆగిపోయింది. గ్లాసు కింద పెట్టింది.

"అమ్మాయ్, దానికెక్కడుందే ఈ గది?"

నాకర్థం కాలేదు. ఆమె నన్ను పక్కకి తోసుకుని, జుట్టు కూడా ముడేసుకోకుండా హాల్లోకి వెళ్ళింది. మా ఆయన మీటింగులో ఉన్నాడు. కెమెరా ఆన్‌లో ఉంది. ఆమె లెక్కచేయలేదు. టెర్రేరియం అద్దం ముందు కూలబడి, గిన్నె వెనకాల ఇరుక్కున్న పాముని చూపించింది.

"చూడు. అటు గోడ, ఇటు గిన్నె. రెండు వైపులా ఏదో ఒకటి వంటికి ఆనాలి దానికి. నేనేమో నడివీధిలో కూచోబెట్టి ఊరందరికీ చూపిస్తన్నా. ఇన్నేళ్ళు చవితికి పుట్టలో పాలు పోశానే, ఒక్కసారన్నా స్వామి కనబడ్డాడా? కనబడకూడదనే గదా పుట్ట. నేను కట్టింది కొలువు. దానికి కావాల్సింది పుట్ట."

మా ఆయన మైకు ఆపడం మర్చిపోయాడు. అటువైపు ఎవరో జర్మన్‌లో అంతా క్షేమమేనా అని అడుగుతున్నారు.

శుక్రవారం టెర్మిన్‌ని ఒక వారం వాయిదా వేయించాడు. ఆ వారంలో ఆమె కొలువంతా పీకేసింది. బూజు పట్టిన మొలకలు తవ్వి తీసేసింది. పలక రాళ్ళ మెట్లు విప్పేసింది. ఊరి చివర అడవికి వెళ్ళి బీచ్ చెట్ల కింద ఎండుటాకులు సంచులకెత్తాం, పాప, ఆమె, నేను. పురుగులు లేకుండా ఆ ఆకుల్ని ఓవెన్లో వేడి చేస్తే ఇల్లంతా వాన పడిన తోట వాసన. లోపల డొల్లగా ఉండే బెరడు గొట్టాలు తెప్పించాం. వంటింటి కిటికీలో ఉన్న నా మనీప్లాంటు తీగలు నన్నడక్కుండానే వెళ్ళిపోయాయి. మట్టిలోకి చెత్త తినే చిన్న చిన్న పురుగుల్ని వదిలితే పెద్దమ్మ వాటికి మునిసిపాలిటీ వాళ్ళు అని పేరు పెట్టింది.

ఈసారి ఆమె ముందు కూర్చుని కట్టలేదు. చెయ్యి లోపల పెట్టి, కళ్ళు మూసుకుని, వేళ్ళతో తడుముతూ కట్టింది. "ఇక్కణ్ణించి పోతే వీపుకి ఏం తగులుద్ది? ఇక్కడ తల ఎక్కడ పెట్టుకుంటది?" అని తనలో తను మాట్లాడుకుంటూ. ఒక గొట్టం వెచ్చటి వైపు, ఒకటి చల్లటి వైపు, మధ్యలో ఆకుల కింద నుంచే దారి. ముందంతా మొక్కలు అడ్డం పెట్టింది. కొలువులో అయితే అది మహాపరాధం. పూర్తయ్యాక మా పాపని సోఫా మీద నిలబెట్టి అడిగింది.

"లోపల నీ ఎర్రబంతి పెట్టా. కనబడతందా?"

"నైన్."

"కాస్త వంగి చూడు."

"నైన్, అమ్మమ్మా."

"హమ్మయ్య" అంది.

పాప్రికాని ఆకుల మీద వదిలితే నీళ్ళు ఇంకినట్టు లోపలికి ఇంకిపోయింది. పెద్దమ్మ తన నేత చీర ఒకటి అద్దాల మీద కప్పి, ఎవరూ తియ్యకూడదని ఆజ్ఞ వేసింది. అందరికంటే ఎక్కువ బాధపడింది మా ఆయనే. పామును పెంచుకునే మనిషికి పామును చూడొద్దంటే ఎలా ఉంటుంది? బాత్‌రూముకి వెళ్ళే వంకతో అటుగా వెళ్ళడం, ఆమె దగ్గడం, ఈయన తిరిగి రావడం. మాకు ఆ వారం వేరే వినోదం లేదు.

టెర్మిన్‌కి ముందు సాయంత్రం మా ఆయన చీర అంచు కొద్దిగా ఎత్తి, ఎలుకని గొట్టం ముందు పెట్టి, దించేశాడు. పెద్దమ్మ ఆ రాత్రి కూడా అన్నం తినలేదు. పొద్దున నేను లేచేసరికి ఆమె చీర పక్కకి జరిపి నేల మీద కూర్చుని ఉంది. ఆకులు కదిలి ఉన్నాయి. ఎలుక లేదు. పామూ కనబడలేదు. పెద్దమ్మ నా వైపు తిరిగి, నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. తర్వాత, "ఉప్మా చెయ్యవే, ఆకలేస్తంది" అంది. అంత మంచి ఉప్మా నేను మళ్ళీ చెయ్యలేదు.

ఆ శనివారం మా ఆయన ఎవరికీ చెప్పకుండా సామాను గది ఖాళీ చేశాడు. సూట్‌కేసులు సెల్లార్‌లోకి దించాడు. ఒక కుర్చీ, కాళ్ళు పెట్టుకునే పీట, గోడకి చిన్న దీపం, తలుపుకి లోపలి వైపు గడియ. ఆమెని పిలిచి చూపించి, "అత్తమ్మా, ఇది మీది. మేం గొట్టినా తియ్యకున్రి" అన్నాడు. ఆమె లోపలికి వెళ్ళి గడియ పెట్టి చూసుకుంది. చాలాసేపు తియ్యలేదు. వచ్చాక, "అల్లుడుగారు మహా తెలివిగలవారే" అని నాతో మాత్రం అంది, ఆయనకి వినబడేలా.

ఇక్కడి ఎండాకాలం చివర్లో ప్రత్యేక విమానంలో వెళ్ళిపోయింది. వెళ్ళేముందు టెర్రేరియానికి ఎవరూ చూడకుండా దణ్ణం పెట్టుకుందని మా పాప చెప్పింది. బందరు వెళ్ళాక దసరాకి కొలువు పెట్టింది. వీడియోలో చూపించింది. కొండ వెనకాల ఒక చిన్న మట్టి గుహ కట్టి, అందులో ఒక బొమ్మని పెట్టిందట. ఏ బొమ్మో ఎవరికీ చెప్పలేదు. మా అన్నయ్య అడిగితే, "అన్నీ మీకే కనబడాలేంటి?" అందట. చిన్నప్పుడు నా చేతి మీద పడిన దెబ్బ గుర్తొచ్చి ఫోన్లోనే గొడవపడ్డాను. పకపకా నవ్వింది.

ఆమె నుంచి నేనేం నేర్చుకున్నానో పెద్ద మాటల్లో చెప్పలేను. మనుషుల్ని బాగా చూసుకోవడమంటే వాళ్ళనెప్పుడూ కళ్ళెదుట ఉంచుకోవడమని నేననుకునేదాన్ని. పాపని, మా ఆయన్ని, దూరంగా ఉన్నవాళ్ళని ఫోన్లో. ఇప్పుడు పాప తలుపేసుకుంటే వెంటనే తట్టను. ఎవరైనా మాట్లాడకుండా ఉంటే ఏమైందని గుచ్చి గుచ్చి అడగను. ఇది చిన్న సంగతే. కానీ ఇల్లు తేలికపడింది, దానికి నేను పెద్దమ్మకి రుణపడి ఉన్నాను. పాప్రికా లావెక్కింది. ఫెర్నులూ మనీప్లాంటూ అల్లుకుపోయి అద్దం నిండా ఆకులే. వచ్చినవాళ్ళు పాము ఎక్కడని అడుగుతారు. ఉందండీ అంటాం.

ఆమె పోయిన రోజు సంగతి ఒకటి మిగిలింది. అన్నయ్య మళ్ళీ ఫోన్ చేశాడు, వీడియో కాల్. ఆమెని ముందు గదిలో పడుకోబెట్టారు. చుట్టూ జనం. మాస్కుల్లో ఎవరెవరో నాకు తెలియలేదు. ఒకరు తల దగ్గర దీపం సర్దుతున్నారు, ఇద్దరు ముగ్గురు ఫోన్లు ఎత్తి ఊళ్ళల్లో ఉన్న వాళ్ళవాళ్ళకి చూపిస్తున్నారు. పెద్ద ట్యూబులైటు. అన్నయ్య ఫోను పట్టుకుని జనాన్ని తప్పించుకుంటూ దగ్గరికి వెళుతున్నాడు.

"చివరి చూపు చూసుకోవే. మొహం చూపిస్తా, ఉండు" అన్నాడు.

ఆమె పాదాలు కనబడ్డాయి. పసుపు. చీర అంచు. నాకు ఆమె ముఖం చూడాలని ఎంతగా అనిపించిందో నేను రాయలేను. మళ్ళీ చూసే అవకాశం లేదు.

"అన్నయ్యా, ఆగు" అన్నాను. "అందర్నీ కాసేపు బయటికి పంపించవా?"

"ఎందుకే?"

"కాసేపు ఆమెని ఎవరూ చూడకుండా ఉండనివ్వండి."

"ఒంటరిగా ఉంచకూడదంటారే పెద్దవాళ్ళు."

"దీపం ఉందిగా. కాసేపే."

"మరి నువ్వు? నువ్వు చూడొద్దా?"

"నేనూ చూడను."

 అన్నయ్య ఫోను కిందికి దించినట్టున్నాడు, తెర మీద గచ్చు, చెప్పులు, ఎవరివో కాళ్ళు. "కాస్త బయటికి రండి పిన్నీ, బాబాయ్, మీరూ రండి" అంటున్న అతని గొంతు. ఎవరో గొణిగారు. పాదాల చప్పుళ్ళు ఒక్కొక్కటే దూరమయ్యాయి. ట్యూబులైటు ఆర్పేశారు కాబోలు, గచ్చు మీద దీపం వెలుగు ఒక్కటే మిగిలింది. తర్వాత అదీ కనుమరుగై, తెర నిండా పాత టేకు తలుపు, అన్నయ్య చెయ్యి దాన్ని మెల్లగా దగ్గరకి లాగుతూ.